తువ్వాల కింద పెట్టని చెయ్యి

నా పేరు కమాల్ బాషా. జమ్మలమడుగు సంతలో నలభై ఏండ్లు ఎద్దుల దళారీ చేసినా. చదువు అయిదో తరగతి. ఆ అయిదు తరగతుల్లో నేర్చుకున్నది ఇంతవరకూ మరిచిపోలేదు, ఎందుకంటే నేర్చుకున్నదే కొంచెం. నా మాటల్లో అబద్ధం ఉంటుందని ఊరంతా అంటారు. ఉంటుంది. ఎద్దుకు కొమ్ములున్నట్టు మాటకు కూడా ఏదో ఒకటి ఉండాల, లేకపోతే చూసేదానికి బాగుండదు. నేను అమ్మిన ఎద్దు ఒకటి ఎర్రగుంట్లలో పట్టాల మీద అడ్డం నిలబడితే రైలే వెనక్కి పోయి ఇంకో పట్టా మీద వచ్చిందని ఒకసారి చెప్పినా. నమ్మినోళ్లు ఉండారు. ఇప్పుడు రాసే సంగతిలో మాత్రం అబద్ధం ఒకే ఒక చోట ఉంది. ఆడికి వచ్చినప్పుడు నేనే చెప్తా.

ఇది ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేండ్లు కూడా కాని నాటి మాట. నయాపైసలు కొత్తగా వచ్చినాయి. పోస్టుకార్డు అయిదు నయాపైసలు.

ముందు సంత కట్టుబాటు చెప్పాల. ఎద్దుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేటోడూ కొనేటోడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడతాయి. ఒక వేలు పట్టుకుంటే నూరు, వేలు సగానికి మడిస్తే యాభై. పక్కన నిలబడినోనికి తువ్వాల కదిలేది తప్ప ఇంకేం కనపడదు. బేరం కుదిరితే తువ్వాల ఎత్తేసి చేతిలో చెయ్యి కొడతారు. అట్ల కొట్టేదాకా ఎవరైనా, ఎప్పుడైనా చెయ్యి వెనక్కి లాక్కోవచ్చు. పొద్దున పట్టుకున్న చెయ్యి పొద్దుగూకే ముందు లాక్కున్నా ఎందుకప్పా అని అడిగేవాడు లేడు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ అదే చట్టం. దాన్ని మించిన చట్టం ఒకటుందని మస్తానమ్మ చూపించేదాకా నాకు తెలియదు.

మస్తానమ్మ మా దూదేకుల వీధి మనిషి. మొగుడు ఖలందర్ నాపరాయి గనిలో పని చేస్తాంటే బండ జారి నడుం మీద పడింది, మంచం పట్టినాడు. అప్పటినుంచీ బండి ఆమే తోలేది. గనిలో నాపబండలు ఎత్తించుకోని ఎర్రగుంట్ల స్టేషనుకు చేర్చాల. ఆడమనిషి బండి తోలేది చూసి మొదట్లో దారిపొడుగునా నవ్వినారు. ఎవరు నవ్వితే వాళ్ల పక్కకు ఎద్దులను మళ్లించేది. నవ్వినోళ్లు గట్టెక్కేవాళ్లు.

ఆమెకు రెండు ఎద్దులు. ఒకటి గొంతువాపు వచ్చి చచ్చిపోయింది. మిగిలినోడు మైలోడు, బూడిద రంగువాడు. వాని పక్కన నేను ఆరు ఎద్దులను కట్టి చూపించినా. ఏది కట్టినా కాడి కింద కూలబడినాడు, ముడ్డి మీద పొడిచినా లేచేది లేదు. వానికి సరిపోయేది భూమ్మీద ఒకటే ఎద్దు. అదే ఆవుకు ముందు ఈతలో పుట్టి, వానితోపాటు ఒకే గాటికి కట్టి పెరిగిన అన్న. ఆ అన్న పులివెందుల అవతల లింగాలలో, సిద్దారెడ్డి దొడ్లో ఉన్నాడు.

గని కాంట్రాక్టరు మస్తానమ్మకు గడువు పెట్టినాడు. నెల ముప్పై లోపల జతతో బండి వచ్చి గని దగ్గర నిలబడాల, లేకుంటే ఆ పని లారీకి ఇస్తా అన్నాడు. లారీకి పోయిన పని మళ్లీ బండికి రాదని అందరికీ తెలుసు. ఇంట్లో నాలుగు నోళ్లు. ఉండేది ఆ బండి ఒకటే.

ఆ నెల మొదట్లో సిద్దారెడ్డి ఎద్దును తోలుకోని మా సంతకే వచ్చినాడు. అమ్మేదానికంటే చూపించుకునేదానికి వచ్చినాడని నా అనుమానం. నేను తువ్వాల పరిచి, మస్తానమ్మ తరఫున నా చెయ్యి పెట్టబోయినా. రెడ్డి వద్దన్నాడు. దళారీ చెయ్యి నాకెందుకు, ఎద్దు కావాల్సింది ఎవరికో వాళ్ల చెయ్యే పెట్టమను అన్నాడు. చుట్టూ నిలబడినోళ్లు నవ్వినారు. పరాయి మొగోని చేతిలో, గుడ్డ కింద, ఆడమనిషి చెయ్యి. అది జరగదని తెలిసే అన్నాడు.

మస్తానమ్మ తల దించుకోని పోతుందనుకున్నారు. ఆమె ఎద్దు మెడ నిమురుతా నిలబడింది.

“ఈ చెయ్యి పగ్గాలు పట్టే చెయ్యప్పా. గుడ్డ కింద దాక్కునే పని దానికి లేదు. ధర నోటితో చెప్పేదానికి నీకు సిగ్గయితే కాగితం మీద రాసియ్యి.”

“రాస్తే నువ్వు చదువుతావా?”

“చదివించుకుంటా. చదివినాక, ఇది రాసింది నేను కాదు అనకుంటే చాలు.”

అది తగలాల్సిన చోట తగిలింది. సిద్దారెడ్డికి చేతిరాత మీద శానా గర్వం. రిజిస్టరాఫీసులో దస్తావేజులు రాసేవాళ్లు కూడా తన రాత చూసి దిద్దుకుంటారని చెప్పుకునేవాడు. సరే, కార్డు వేస్తా, నువ్వూ కార్డులోనే జవాబు వెయ్యి, మొగోళ్ల మాదిరి వ్యవహారం చేద్దాం అని ఎద్దును తోలుకోని పోయినాడు.

నేను మరిచిపోయినా. ఆమె మరిచిపోలేదు. రోజూ పోస్టుమ్యాను పోయే దారిలో నిలబడేది. ఒక శనివారం కార్డు వచ్చింది. నేనే చదివినా.

“జమ్మలమడుగు దూదేకుల మస్తానమ్మకు. నా మైల ఎద్దు ధర నాలుగు వందల యాభై రూపాయలు. సమ్మతమైన యెడల తపాలాలో జవాబు రాయవలెను. జవాబు రాసిన పదిహేను దినములలో సొమ్ము తెచ్చి ఎద్దును తోలుకొని పోవలెను. సిద్దారెడ్డి, లింగాల.”

ఆ రోజుల్లో ఒంటి ఎద్దుకు ఆ ధర ఎవరూ ఇయ్యరు. సంగతి ఏందంటే, ఆ కార్డు రెడ్డి పులివెందులలో టీ అంగట్లో కూర్చోని పదిమందిలో నవ్వుకుంటా రాసినాడంట. ఆమె తగ్గించు సామీ అని బతిమాలతా రాస్తే, దాన్ని అదే అంగట్లో పైకి చదివి వినిపించాలని ఉద్దేశం. ఇది నాకు తర్వాత తెలిసింది.

మస్తానమ్మ ఆ రోజు జవాబు రాయించలేదు. చేతిలో దుడ్లు లేకుండా సమ్మతం అనను అనింది. ఆదివారం ప్రొద్దుటూరు పోయి, దాచుకున్నది చాలక కాళ్ల కడియాలు అమ్ముకోని వచ్చింది. సోమవారం పొద్దున్నే నన్ను పోస్టాఫీసు మెట్ల మీద కూర్చోబెట్టింది.

“రాయి మామా. సమ్మతం అని రాయి.”

నేను దళారీని. అడిగిన ధర అడిగినట్టు ఒప్పుకునేది నా చేతికి రాదు. ‘నాలుగు వందలకైతే సమ్మతం, ఆలోచించి జవాబు రాయవలెను’ అని రాసినా. ఆమెకు చదివేటప్పుడు మాత్రం ‘సమ్మతం’ అని చదివినా. యాభై మిగిలిస్తే తర్వాత మెచ్చుకుంటుందిలే అనుకున్నా.

ఆమె కార్డు చేతిలోకి తీసుకోని చూసింది. అక్షరం ముక్క రాదు ఆమెకు.

“నువ్వు నోటితో చెప్పింది ఒక్క మాట. ఈడ మూడు వరసలుండాయి. మిగతాది ఎవరిది మామా?”

చెప్పక తప్పలేదు. అప్పటికి అది యాభై రూపాయల సంగతే అనుకున్నా. ప్రొద్దుటూరు వకీలు తర్వాత చెప్పినాడు, ఆ కార్డు గాని పోయుంటే నా చేత్తో నేనే ఆమె గొంతు పిసికినట్టు అయ్యుండేదని. ధర తగ్గించి అడిగితే, వాడు ఇస్తానన్న మాట ఆడికే చచ్చిపోతుందంట. మనం కొత్త బేరం పెట్టినట్టు అవుతుందంట. చెప్పిందాన్ని చెప్పినట్టు ఒప్పుకుంటేనే ఒప్పుకున్నట్టు. అప్పటికే పదేండ్లు దళారీ చేసినోనికి ఇంత చిన్న సంగతి తెలియలేదు.

ఆమె ఆ కార్డు నాలుగు ముక్కలు చేసి, రెండో కార్డు నా దుడ్లతో కొనిపించింది. ‘మీరు రాసిన ధరకు మీ మైల ఎద్దు నాకు సమ్మతం. మస్తానమ్మ.’ కింద వేలిముద్ర. వరసలు లెక్కపెట్టి తనే తీసుకపోయి డబ్బాలో వేసింది. వేసినాక వేళ్లు లోపలికి పెట్టి చూసింది. అందలేదు.

“ఇప్పుడు నేను కావాలన్నా వెనక్కి రాదు గదా మామా?”

రాదు అని చెప్పినా. ఆ మాటకు ఎంత బరువుందో అప్పుడు నాకు తెలియదు.

ఇంతలో పులివెందులలో వేరే కథ జరిగింది. మేము కార్డు వేసే ముందురోజే, ఆదివారం, ఆడ బండలాగుడు పందెం. సిద్దారెడ్డి ఎద్దు పెద్ద రాతిబండను చివరి గీత దాకా ఈడ్చి గెలిచింది. చూడవచ్చిన ప్రొద్దుటూరు పత్తి షావుకారు ఒకాయన ఆడికాడే తువ్వాల కింద ఏడు వేళ్లు పట్టినాడు. ఏడు వందలు. రెడ్డి చెయ్యి కొట్టలేదు. ఎనిమిది వస్తుందేమో చూద్దామని రెండు రోజుల గడువు అడిగినాడు. కొట్టకపోయినా, జమ్మలమడుగు ఆడమనిషి సంగతి అయిపోయింది, ఆమెకు ఇచ్చేది లేదు అని పందెం కాడ నూరు మందిలో అరిచి చెప్పినాడు. ఆ నూరు మందిలో మా ఊరోడు ఒక్కడూ లేడు.

మంగళవారం మధ్యాహ్నం రెడ్డి బస్సు దిగి నేరుగా మస్తానమ్మ ఇంటికి వచ్చినాడు. ఆమె మైలోనికి మేత వేస్తాండింది. నేను అరుగు మీద ఉన్నా.

“నీ జవాబు నాకు చేరలేదు. చేరేలోపలే చెయ్యి లాక్కుంటాండా. ఎద్దును నీకు ఇయ్యను. తువ్వాల ఇంకా ఎత్తలేదు గదా, తప్పు లేదు. నీ దళారీ ఈడే ఉండాడు, అడుగు.”

ఇద్దరూ నా పక్కకు చూసినారు. సంతలో అంతే అని తల ఊపినా. ఆ ఊపిన తలను ఇప్పటికీ తిట్టుకుంటా.

“నిన్న పొద్దున డబ్బాలో వేసినా” అనింది మస్తానమ్మ.

“డబ్బాలో వేస్తే డబ్బాకు సమ్మతం చెప్పినట్టు. నాకు కాదు. అదీగాక ఆదివారమే పులివెందులలో నూరు మందికి చెప్పినా, ఇచ్చేది లేదని.”

“నాకు చెప్పలేదు గదా.”

“ఇప్పుడు చెప్తాండా.”

“ఇప్పుడు మంగళవారమప్పా.”

రెడ్డి నవ్వుకుంటా పోయినాడు. పోయి, బుధవారం పోస్టుమ్యాను కార్డు తెస్తే తాకనన్నాడు. చేతికి తీసుకోకపోతే చేరనట్టే అని వాని లెక్క. ‘తీసుకోలేదు’ అని ఎర్రసిరాతో రాసిన కార్డు శనివారం మా ఊరికి తిరిగొచ్చింది.

అయిపోయిందమ్మా అన్నా. బేరాలన్నాక ఇట్లాంటివి ఉంటాయి, ఇంకో ఎద్దును చూద్దాం అన్నా. ఆమె నా మాట వినలేదు. ఆ రెండు కార్డులూ కొంగున కట్టుకోని నన్ను ప్రొద్దుటూరు బస్సు ఎక్కించింది.

ప్రొద్దుటూరులో వకీలు నారాయణమూర్తి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిగినాయన. మా మాట ఆయనకు మోటు, ఆయన మాట మాకు పుస్తకం. కార్డులు రెండూ తిప్పి తిప్పి చూసి, పోస్టు ముద్ర మీద వేలు పెట్టినాడు.

“జవాబు తపాలాలో రాయమని అడిగింది అతనే. నువ్వు సోమవారం డబ్బాలో వేశావు. వేశాక నువ్వు కావాలన్నా దాన్ని వెనక్కి తీసుకోలేవు. చట్టంలో అతను ఆ క్షణానే కట్టుబడిపోయాడమ్మా. కార్డు తాకాడా, విసిరేశాడా అనేది అనవసరం.”

ఆదివారం పులివెందులలో నూరు మందికి చెప్పినాడు గదా అని నేను అడిగినా. నూరు మందికి కాదు, వెయ్యి మందికి చెప్పుకోనీ అన్నాడు. ఇవ్వను అనే మాట ఎవరికి చెప్పాలో వాళ్ల చెవిన పడాలంట. ఈమె చెవిన పడింది మంగళవారం, ఈమె కార్డు పడింది సోమవారం. ఆ ఒక్క దినం ముందు చెప్పుంటే రెడ్డి నిక్షేపంగా తప్పుకోని ఉండొచ్చంట. ఇంత పెద్ద సంగతి ఒక్క దినం మీద నిలబడిందా అని వేళ్ల మీద దినాలు మళ్లీ లెక్కపెట్టుకున్నా.

దావా వేస్తే గెలుస్తాం అన్నాడు వకీలు. ఎన్నాళ్లు పడుతుంది అంటే, రెండేళ్లు, మూడేళ్లు అన్నాడు. అప్పటికి ఎద్దుకు పండ్లు ఊడిపోతాయి సామీ అన్నా. నెల ముప్పైకి పది దినాలే ఉంది.

ఆయన ఒక నోటీసు రాసి రెడ్డికి రిజిస్టరు పోస్టులో పంపించినాడు. మస్తానమ్మ దాని నకలు కూడా కొంగున కట్టుకుంది. కోర్టు ఉన్నచోటనే ఉంటుంది, ఎద్దు ఉండేకాడికి నేను పోతా అనింది. నేనే నోరు మూసుకున్నా, అంటే చూసుకోండి.

బుధవారం పొద్దున ఆమె బయలుదేరింది. బండి లేదు. కాడిమాను ఒక కొస మైలోని మెడ మీద, ఇంకో కొస తన భుజం మీద. జమ్మలమడుగు నుంచి లింగాల దాకా. ఇది అబద్ధం కాదు, అబద్ధం ఇంకా ముందుంది. భుజం ఒరుసుకపోకుండా కింద చుట్టగుడ్డ పెట్టుకుంది. నేను వెనకాల రెండు మైళ్లు నడిచి, నా కాళ్లకు మర్యాద ఇచ్చి బస్సెక్కినా.

దారిలో కనపడిన ప్రతోడూ అడిగినాడు, రెండో ఎద్దు యాడమ్మా అని. అందరికీ ఒకటే జవాబు.

“లింగాలలో ఉంది. నాదే. తోలుకొచ్చేదానికి పోతాండా.”

కావాల్సింది అడిగేదానికి పోతాండా అనలేదు. కొనేదానికి అనలేదు. నాదే అనింది.

నేను ముద్దనూరులో టీ అంగట్లో కూర్చోని నాకు చేతనైన సాయం చేసినా. ఆమె కొంగున సర్కారు ముద్ర వేసిన కార్డు ఉంది, ఆ ఎద్దును ఇంకెవడు కొన్నా ఎద్దుతోపాటు వాడూ కోర్టు బోనెక్కాల అని చెప్పినా. పులివెందులలో అదే మాట ఇంకొంచెం కొమ్ములు పెట్టి చెప్పినా. ఆమె మూడో రోజు పులివెందుల చేరేసరికి జనం రోడ్డు పక్కన నిలబడి చూస్తాండారు. నవ్వలేదు ఎవరూ. ఒక ముసలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఆమెకు ఇచ్చి, రెండో చెంబు మైలోనికి పట్టింది.

పత్తి షావుకారు కూడా ఆ రోజు పులివెందులలోనే ఉన్నాడు, ఎనిమిది కోసం రెడ్డి సాగదీస్తాండే బేరం ముగించి, లింగాలకు మనిషిని పంపి ఎద్దును తోలించుకుందామని. తగాదా ఉన్న ఎద్దు నాకొద్దు, నేనింకా చెయ్యి కొట్టలేదు అని ప్రొద్దుటూరు బస్సెక్కినాడు. ఆయన లాక్కున్నది మాత్రం సంత లెక్కలోనూ ఒప్పే, చట్టం లెక్కలోనూ ఒప్పే. ఆ రోజు చెయ్యి కొట్టనోడు రెడ్డే గదా, ఎనిమిది వందల కోసం.

లింగాలకు పోయేసరికి సిద్దారెడ్డికి అన్నీ తెలుసు. అరుగు మీద కూర్చోనుండాడు, పక్కన వకీలు నోటీసు. ఊరు సగం ఆడనే ఉంది. మస్తానమ్మ కాడి దింపలేదు. భుజం మీద పెట్టుకోనే నిలబడింది.

రెడ్డి నన్ను చూసి మాట్లాడినాడు, ఆమెను చూడకుండా. యాభై తగ్గిస్తా అన్నాడు. నాలుగు వందలకే తోలుకపొమ్మన్నాడు. అయితే ఆ కార్డు తన కళ్లముందర చించెయ్యాల. తువ్వాల పరిచి, ఆమె బదులు నేను చెయ్యి పెట్టాల. సంతలో మొదలైంది సంత మాదిరే ముగిసిందని అందరూ చెప్పుకోవాల.

నా చెయ్యి అప్పుడే భుజం మీది తువ్వాల మీదికి పోయింది. యాభై రూపాయలు. నేను సోమవారం కార్డులో అడిగినదే వాడు తనంతట తను ఇస్తాండాడు. కడియాల్లో ఒకటన్నా వెనక్కి వస్తుంది.

“తువ్వాల తియ్యొద్దు మామా” అనింది మస్తానమ్మ. తర్వాత రెడ్డితో చెప్పింది. “నువ్వు రాసింది నాలుగు వందల యాభై. నేను ఒప్పుకున్నది అదే. ఒక్క రూపాయి తగ్గినా అది నీ దయ అయితాదప్పా. దయ వద్దు. ఎద్దు కావాల.”

ఆమె అప్పుడు కాడి దింపి, మూట విప్పి, దుడ్లు అరుగు మీద పెట్టింది. దాని పక్కన, ఎర్రసిరా కార్డు.

“ముట్టినట్టు దీని మీదనే రాయి. నీ రాత బాగుంటుందంట గదా.”

తీసుకోను అన్న కార్డును సిద్దారెడ్డి చేతికి తీసుకున్నాడు. ‘సొమ్ము ముట్టినది’ అని రాసి సంతకం పెట్టినాడు. నేను చూసినా, రాత కొంచెం వంకర పోయింది.

ఇప్పుడు అబద్ధం. దొడ్లో ఉన్న ఎద్దు తమ్ముని వాసన పట్టి, పలుపు తెంపుకోని, గోడ దూకి వచ్చి, కింద పడున్న కాడి కింద తనంతట తనే మెడ పెట్టింది. ఇది నేను ముప్పై ఏండ్లు సంతలో చెప్పినా. జరిగిందేందంటే రెడ్డి జీతగాడు విప్పి తెచ్చినాడు. ఎద్దు వచ్చి మైలోని మెడ నాకింది. మైలోడు కూలబడలేదు. అంతే. అయినా ఆ అంతే చూసినప్పుడు, గోడ దూకినా నేను ఇంతకంటే ఆశ్చర్యపోయుండను.

ముప్పయ్యో తారీఖు పొద్దున జతతో బండి గని దగ్గర నిలబడింది. ఆ రోజు ఎర్రగుంట్ల స్టేషనులో బండలు దింపినాక నా దళారీ కూలి సంగతి కదిలించినా. తువ్వాల పరవకపోయినా తిరిగినా గదా, టీ అంగళ్లలో గొంతు పోగొట్టుకున్నా గదా అన్నా. మస్తానమ్మ పగ్గాలు సర్దుకుంటా నా పక్కకు తిరిగింది.

“ఎంత కావాల్నో కార్డు మీద రాసి డబ్బాలో వెయ్యి మామా. సరిపోతే ఒప్పుకుంటా.”

ఇంతవరకూ రాయలేదు. తక్కువ రాస్తే ఆమె వెంటనే సమ్మతం అని వేస్తుంది, ఇక నా చెయ్యి వెనక్కి రాదు. ఎక్కువ రాసేదానికి మొగం చెల్లదు. కార్డు మాత్రం కొని పెట్టుకున్నా. అయిదు నయాపైసలది. ఇప్పుడది పోస్టాఫీసులో చెల్లదంట.